ఆకాశపు రొద – నగరపాలన

న్యూయార్కు నగరమున, మన్‌హాటన్ దక్షిణ భాగములో, ఈస్టు నది యొడ్డున హెలికాప్టర్లు దిగు రేవొకటి కలదు. విహారయాత్రల హెలికాప్టర్ల రొదను గూర్చి తీరవాసులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి. పసిపిల్లలున్న యిండ్లవారికి ఆ బాధ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆకాశయానము అమెరికా ఫెడరల్ ప్రభుత్వపు అధీనములోనిది. నగరపాలకులకు దానిపై అధికారము లేదు. రేవు మాత్రము నగరపు సొత్తు. ఆ పట్టుతోనే 2016లో వారు నిర్వాహకులతో ఒడంబడిక చేసికొనిరి. ఏటికి 60 వేలకు చేరువగా నుండిన విహారయాత్రలు 2017 జనవరి నాటికి సగము కావలెను. ఆదివారము అసలే యుండరాదు. ఇది మెచ్చదగిన ఉపాయమే యని మేము తలతుము.

కాని హడ్సన్ నదికి ఆవల నున్న న్యూజెర్సీ వేరొక రాష్ట్రము. అచట లేచిన హెలికాప్టర్లు ఈ ఒడంబడికకు లోబడక, నదిని దాటి ఈ యిండ్లమీదుగనే తిరుగసాగినవి. అందుచేత నివాసుల మొర నగరసభను దాటి వాషింగ్టను వరకు సాగినది.