ఇంపౌండ్: బండిని, పాస్‌పోర్టును, కృష్ణా నీళ్లను కలిపే ఒక్క మాట

ఈ రోజు మన వర్డ్ ఇంపౌండ్. ఇది వెర్బ్. పలికేటప్పుడు బరువు 'పౌండ్' మీద వేయాలి.

ఇందులో ఉన్న పౌండ్‌కి డబ్బుల పౌండ్‌తో, తూకం పౌండ్‌తో సంబంధం లేదు. ఇంకొకళ్ల చేలో పడి మేసిన పశువులను తోలుకెళ్లి కట్టేసే దొడ్డిని ఇంగ్లీషులో పౌండ్ అనేవాళ్లు. అర్థమైంది కదా? మన బందెలదొడ్డి! పశువు రైతుదే, కానీ జరిమానా కట్టేదాకా ఇంటికి రాదు. మీ తాతనడగండి, డిక్షనరీ కన్నా బాగా చెప్తాడు. ఇప్పుడు దొడ్డిలో ఎడ్ల బదులు బైకులున్నాయి, అంతే.

ద పోలీస్ ఇంపౌండెడ్ హిజ్ బైక్. అంటే బండి పట్టుకెళ్లి స్టేషన్ దగ్గర పెట్టేసుకున్నారు. ఓనర్ మాత్రం ఇంకా అతనే. కాన్ఫిస్కేట్ అంటే అలా కాదు, వస్తువు సర్కారు పరమైపోతుంది. సీజ్ అంటే ఆ క్షణాన స్వాధీనం చేసుకోవడం.

ఈ తేడా మాటల గారడీ అనుకోకండి. 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పోలీసులు పాస్‌పోర్టును సీజ్ చేయొచ్చు, కానీ తమ దగ్గరే అట్టిపెట్టుకుంటే అది ఇంపౌండ్ అవుతుంది. ఆ అధికారం 1967 పాస్‌పోర్టు చట్టం కింద పాస్‌పోర్టు అథారిటీకే ఉంది. మేనకా గాంధీ కేసు కూడా 1977లో ఆమె పాస్‌పోర్టును ఇంపౌండ్ చేయడంతోనే మొదలైంది. మరి గల్ఫ్‌లో సేటు మన అన్న పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకుంటే? దాన్ని ఇంపౌండ్ అనొద్దు. ఈ మాట వెనక చట్టం ఇచ్చిన అధికారం ఉండాలి. ఇక్కడ రాయాల్సింది: మై ఎంప్లాయర్ ఈజ్ విత్‌హోల్డింగ్ మై పాస్‌పోర్ట్. ఎంబసీకి కంప్లయింట్ రాసేటప్పుడు ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఇంకో వాడుక ఉంది, అది నందికొండ వాళ్లకు రోజూ కళ్ల ముందే ఉంటుంది. ద డ్యామ్ ఇంపౌండ్స్ ద కృష్ణా. డ్యామ్ కృష్ణా నీళ్లను ఆపి నిలబెడుతుంది. ఇంజనీర్లు నీళ్లకూ ఇదే వెర్బ్ వాడతారు. నాగార్జునసాగర్‌ను మొదట్లో నందికొండ ప్రాజెక్టు అనేవాళ్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నిండుమట్టం 590 అడుగులు. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ ఆ నీళ్ల కిందికే పోయింది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని కొండమీదికి, కొన్నిటిని అనుపుకు చేర్చారు.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఇంపౌండ్ అయ్యింది నీళ్లు, ఊళ్లు కాదు. ఊళ్లకు సబ్‌మర్జ్ వాడాలి. ద వ్యాలీ వాజ్ సబ్‌మర్జ్డ్. ద రివర్ వాజ్ ఇంపౌండెడ్. రెండూ ఒకసారి పైకి అనండి.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో వెర్బ్‌తో కలుద్దాం. బండి కాగితాలు జేబులో పెట్టుకొనే బయల్దేరండి!