పెండ బూడిదల దొరికిన చరిత్ర
(ఉట్నూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా బడిపిల్లలు ఒకనాడు చరిత్ర పుస్తకంల 'ఉట్నూరు' పేరు చూసి సంబురపడ్డరు. "సార్, ఇది మన ఊరేనా?" అని అడిగిండ్రు. కాదని చెప్పినం. అది పాత పాలమూరు జిల్లాల, కృష్ణానది లోయల ఉన్న ఇంకో ఉట్నూరు. పిల్లల మొఖాలు చిన్నబోయినయ్. కానీ ఆ కథ మనకు కూడా పనికొచ్చేదే.

అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఉన్నది. రాయచూరు, బళ్లారి దిక్కు ఇట్లాంటివి చానా ఉన్నయ్. బళ్లారి దగ్గరి ఒక దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుని బూడిద అని చెప్పుకుంట వచ్చిండ్రు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు ఉట్నూరు దిబ్బను తవ్వించిండు. ఏం బయటపడ్డది? కాలిన గొడ్ల పెండ! చుట్టూ దడికి గుంజలు పాతిన గుంతలు. నేల మీద గొడ్ల డెక్కల అచ్చులు. అంటే అది మందలను తోలిన దొడ్డి. పేరుకున్న పెండను కాల్చిండ్రు, మళ్ల దొడ్డి కట్టిండ్రు, మళ్ల కాల్చిండ్రు. నూరిన రాతి గొడ్డళ్లు, చేతితో చేసిన కుండల పెంకులు దొరికినయ్. ఇనుము ముచ్చటే లేదు. ఇది 4,000 ఏండ్లు దాటిన సంగతి. అశోకుని శాసనాలు దీనికి సుమారు రెండు వేల ఏండ్ల తర్వాతియి.

ఆలోచించండి. పెండ ఎత్తేటోళ్లన్నా, గొడ్లు కాసేటోళ్లన్నా ఊర్ల ఎంత చులకన! మా అమ్మలు దొరల కొట్టాలల్ల పెండ ఎత్తిన చేతులతోనే మమ్ముల బడికి పంపిండ్రు. ఆ పని చేసినోళ్ల పేరు ఏ శాసనంల లేదు. కానీ వాళ్ల పని పెండ బూడిదల నిలిచి ఉన్నది.

ఒక్క జాగ్రత్త. ఆ కాపర్లది ఏ కులమో ఏ రాయి మీద రాసి లేదు. వాళ్లు మనోళ్లేనని మనం కూడా అనొద్దు. ఒక పురాణాన్ని కాదని ఇంకో పురాణం కట్టొద్దు. రుజువు ఎంతవరకు చెప్తే అంతే చెప్దాం. అదే మనకు బలం.

ఎన్నో దిబ్బలను ఎరువుకని తవ్వి బండ్లకెత్తిండ్రు. పోయిన దిబ్బ మళ్ల రాదు. అందుకే గోదావరి ఒడ్డున, కడెం ఒడ్డున దున్నేటప్పుడు, బాయి తవ్వేటప్పుడు నున్నగ నూరిన రాయి గానీ, పాత పెంకు గానీ కనపడితే అమ్మొద్దు, పారెయ్యొద్దు. ఏ చెలకల, ఎంత లోతుల ఉన్నదో రాసి పెట్టండి. తావు తెల్వని రాయి సగం మూగది. ఊరి పంతులుకు చెప్పండి. పురావస్తు శాఖకు అందరం కలిసి దరఖాస్తు పెడదాం.

వచ్చే సభకు ఎవరి ఊర్ల ఏం కనపడ్డదో రాసుకొని రండి.