ఎండయు, మనస్సును
(సోనారిలోని తెలుగు కుటుంబముల సమావేశమున జరిగిన ప్రసంగ పాఠము)



సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలియు దోముహానీ చెంతనున్న ఈ సోనారిలో ఎండకు కొరత లేదు. అయినను ఎండ పుష్కలముగా గల దేశముననే, ఎండవలన లభించు 'డి' విటమిను కొరవడుచున్నది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన పరిశీలనలో పల్లెవాసులలో సైతము ఈ లోపము కనబడినది. పట్టణవాసులలో అది మరింత హెచ్చు.

దీనికి కారణము తెలియనిది కాదు. సూర్యుని అతినీలలోహిత కిరణములు చర్మమునకు సోకినప్పుడు ఈ విటమిను పుట్టును. పిదప కాలేయమునను, మూత్రపిండములలోను మార్పుచెంది దేహమునకు ఉపయోగపడును. ఆ కిరణములు కిటికీ అద్దమును దాటి రాలేవు. లేతయెండలో అవి స్వల్పము. మనిషి నీడ మనిషికంటె పొట్టిగా నుండు వేళ అధికము. ఆ వేళకు ఉద్యోగి కచేరీలో నుండును, గృహిణి వంటయింట నుండును, రాత్రి షిఫ్టు చేసినవాడు నిద్రలో నుండును.

ఎముకలకు సంబంధించిన ఈ విటమినుకు మనస్సుతో పనియేమని కొందరు అడుగవచ్చును. దీనిని గ్రహించు కణములు మెదడులోను కలవని 2005 నాటికే శాస్త్రజ్ఞులు చూపిరి. దిగులువ్యాధి గలవారి రక్తమున ఇది తక్కువగా నుండునని 2013లో పెక్కు పరిశోధనలను క్రోడీకరించినవారు తెలిపిరి. ఇంతమాత్రము విని, మాత్ర మ్రింగిన దిగులు తీరునని తలచువారు కలరు. కాని దిగులుపడినవాడు గడప దాటడు, సరిగా భుజింపడు. కనుక లోపము వ్యాధికి కారణమో, ఫలమో తేల్చవలసి యున్నది. అమెరికాలో ఏబది యేండ్లు పైబడిన 18,353 మందిలో కొందరికి దినమునకు 2,000 యూనిట్ల విటమినును, తక్కినవారికి ఉత్తుత్తి మాత్రను అయిదేండ్లకు పైగా ఇచ్చిరి. 2020లో వెలువడిన ఫలితము ప్రకారము, దిగులువ్యాధి సోకుటలో ఉభయులకును భేదము లేదు. అయితే వారిలో అధికులకు మొదటినుండియు లోపము లేదనుట గమనింపదగినది.

అందుచేత లోపమున్నచో సరిదిద్దుకొనవలెను. కండరముల నీరసము, ఎముకల నొప్పి మనిషిని క్రుంగదీయును. కాని రక్తపరీక్ష, వైద్యుని సలహా లేక అధికముగా మ్రింగినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములు చెడును. ఇక రెండు వారములు దాటినను దిగులు వీడక, నిద్రాహారములు చెడి, బ్రతుకుపై విరక్తి కలిగినప్పుడు, 'విటమిను లోపమేలే' యని ఉపేక్షించుట ప్రాణాపాయము. రాంచీ సమీపమున కాంకేలో కేంద్రీయ మనోరోగ చికిత్సా సంస్థ 1918 నుండి పనిచేయుచున్నది. 2022లో నెలకొల్పిన టెలీ మానస్ వారితో 14416 నంబరున తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును. ఇందు సిగ్గుపడవలసినది లేదు.

కుమారుని కొలువు నిమిత్తము శ్రీకాకుళము విడిచి వచ్చిన ముసలితల్లిని తలచుకొనుడు. ఇరుగుపొరుగు భాష రాదు, వాకిట కూర్చుండు అలవాటు పోయినది, గదియే లోకము. ఆమె దిగులుకు మూలము విటమినా, ఒంటరితనమా? ఏ పరీక్షయు ఆ రెంటిని పూర్తిగా విడదీయజాలదు. విడదీయ నక్కరయు లేదు. వైద్యుడు చెప్పిన మందు ఇచ్చి, చేయిపట్టి ఎండలోనికి తీసికొనిపోయి, ప్రక్కన మరొక తెలుగు తల్లిని కూర్చుండబెట్టుడు. ఆమెకు ఎండయు కావలెను, ఎండలో మాటలాడు తోడును కావలెను.