ఎర్ర దీపం కాడ కెమెరా



పోయిన నెల మన రాత్రి బడికి ఒక పెద్దమ్మ ఒక కాగితం తెచ్చింది. ఆమె కొడుకు హైదరాబాదులో ఆటో నడుపుతాడు. ఆ కాగితం ఆటో మీద పడిన చలానా.

"చదివి చెప్పు బిడ్డా" అని నా చేతికి ఇవ్వబోయింది.

"నువ్వే చదువు పెద్దమ్మా" అన్నాను.

ఆమె వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. తేదీ చదివింది. ఆటో నెంబరు చదివింది. నెంబరు వాళ్ళదే. ఫోటోలో ఎర్ర దీపం వెలుగుతోంది. ఆటో తెల్ల గీత దాటి ఉంది.

"తప్పు మావోడిదే" అన్నది. కాసేపు ఆగి మళ్ళీ అడిగింది. "గని బిడ్డా, ఈ కెమెరాలు పానాలు కాపాడనీకి పెట్టిన్రా, పైసలు గుంజనీకి పెట్టిన్రా?"

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నాను. ఇదే ప్రశ్న మీద అమెరికాలో ఇరవై ఏళ్ళకు పైగా వాదులాట నడుస్తోంది. ఆ సంగతి చెబుతాను, వినండి.

అమెరికాలో చికాగో అనే పెద్ద నగరం ఉంది. అక్కడ 2003లో కూడళ్ళ దగ్గర కెమెరాలు పెట్టడం మొదలుపెట్టారు. ఎర్ర దీపం పడ్డాక బండి గీత దాటితే కెమెరా ఫోటో తీస్తుంది. అక్కడ పోలీసు ఉండనక్కరలేదు. బండి ఎవరి పేరు మీద ఉంటే వారి ఇంటికి జరిమానా చీటీ వస్తుంది. ఒక్కో చీటీకి 100 డాలర్లు. చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళకూ అంతే, రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళకూ అంతే ఉండేది.

మొదట మంచి మాట చెప్పుకుందాం. కెమెరాల వల్ల మేలు ఉంది. అక్కడి ప్రభుత్వం 2005లో ఏడు ప్రాంతాల లెక్కలు చూపింది. అడ్డంగా వచ్చే బండిని గుద్దే ప్రమాదాలు నూటికి 25 దాకా తగ్గాయి. ఇవే ప్రాణాలు తీసే ప్రమాదాలు. అయితే ముందు బండి గబుక్కున ఆగితే వెనుక బండి గుద్దడం నూటికి 15 దాకా పెరిగింది. మేలూ ఉంది, కొంత కీడూ ఉంది.

మరి గొడవ ఎక్కడ వచ్చింది? డబ్బు దగ్గర వచ్చింది.

పచ్చ దీపం పోయాక, ఎర్ర దీపం రాకముందు పసుపు దీపం వెలుగుతుంది. అది "ఆగడానికి సిద్ధపడు" అని చెబుతుంది. చికాగోలో పసుపు దీపం కనీసం 3 సెకన్లు ఉండాలి. 2014లో కెమెరాల కాంట్రాక్టరు మారాడు. అప్పటి నుంచి పసుపు 2.9 సెకన్లే ఉన్నా చీటీలు పంపడం మొదలైంది. తేడా కంటి రెప్పపాటు కన్నా తక్కువ. అయినా ఆ రెప్పపాటులో 77 వేల చీటీలు పడ్డాయి. మీరే లెక్క కట్టండి. 77 వేలను 100తో గుణిస్తే 77 లక్షల డాలర్లు! ఈ సంగతిని నగరపాలక సంస్థ సొంత తనిఖీ అధికారే బయటపెట్టాడు. తరువాత అలా చీటీలు పంపడం ఆపారు.

ఇంకో సంగతి. మొదటి కాంట్రాక్టు కోసం ఒక నగర అధికారి లంచాలు తిన్నాడు. 2016లో అతనికి 10 సంవత్సరాల జైలు శిక్ష పడింది. ఇలాంటివి విన్నాక జనం కెమెరాను ఎలా నమ్ముతారు? హ్యూస్టన్ అనే మరో నగరంలో 2010లో ప్రజలు ఓటు వేసి కెమెరాలు వద్దన్నారు.

వద్దంటే సరిపోతుందా? అదీ సరిపోదు. కెమెరాలు తీసేసిన నగరాల్లో ఎర్ర దీపం దాటినందువల్ల ప్రాణాలు పోయే ప్రమాదాలు, తీయకుంటే ఉండేదానికన్నా నూటికి 30 ఎక్కువయ్యాయని 2016లో ఒక పరిశోధన చెప్పింది.

అయితే దారి ఏమిటి? ఫిలడెల్ఫియా అనే నగరంలో ఒక పని చేసి చూశారు. ముందు పసుపు దీపం ఒక సెకను పెంచారు. అంతకే ఎర్ర దీపం దాటేవాళ్ళు నూటికి 36 మంది తగ్గారు. ఆ తరువాత కెమెరా పెట్టారు. మిగిలిన వాళ్ళలోనూ నూటికి 96 మంది తగ్గారు. అంటే దాదాపు అందరూ ఆగారు.

ఇప్పుడు ఆలోచించండి. అందరూ ఆగితే చీటీలు పడవు. చీటీలు పడకపోతే డబ్బు రాదు. మంచి కెమెరాకు రాబడి తగ్గాలి. రాబడి తగ్గిందని ఊరు బాధపడితే, అక్కడ ఏదో తేడా ఉందన్నమాట.

మన ఊళ్ళో బందెలదొడ్డి మీకు తెలుసు. పశువు చేలో పడితే దొడ్డిలో కట్టేవారు. జరిమానా కడితే వదిలేవారు. అది పంట కాపాడటానికి పెట్టింది. కానీ దొడ్డి కావలివాడు జరిమానా మీదే బతకాలనుకుంటే ఏం చేస్తాడు? తానే కంచె తెరిచి పెడతాడు! కెమెరా కూడా అంతే. పంట కోసం ఉండాలి, జరిమానా కోసం కాదు.

మన దగ్గరా జరిమానాల మాట తక్కువేమీ కాదు. తెలంగాణలో 2022 మార్చిలో పాత చలానాలకు రాయితీ ఇచ్చారు. మోటారు సైకిళ్ళ వాళ్ళు నూటికి 25 కడితే చాలన్నారు. కట్టని చలానాలు అంతగా పేరుకుపోయాయి.

అక్కలారా, ఇంటికి చలానా వస్తే భయపడకండి. చించి పారేయకండి. ముందు చదవండి. బండి నెంబరు మనదేనా? తేదీ, సమయం, చోటు ఏమిటి? ఫోటోలో బండి మనదేనా? మనది కాకపోతే పోలీసులకు ఫిర్యాదు రాసి ఇవ్వండి. మన తప్పే అయితే జరిమానా కట్టి, బండి నడిపిన వాడికి బుద్ధి చెప్పండి.

ఆ పెద్దమ్మ అదే చేసింది. కొడుకుకు ఫోన్ చేసి, "పైసలు పోతే సంపాయించుకుంటం. నువ్వు పోతే యాడ తెచ్చుకోను?" అని అడిగింది. తరువాత నా వైపు తిరిగి, "ఆ పసుపు దీపం ఎంతసేపుంటదో గూడ లెక్కపెట్టి చెప్పుమన్న" అన్నది.

చదువు వచ్చిన మనిషి అడిగే ప్రశ్న అది. మనమూ అలా అడగడం నేర్చుకుందాం. సెలవు.