వెబ్ హోస్టింగు: గ్రామ యువకులకొక చిన్న వ్యాపారము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



ఈ దినమున నేను మాటలాడవలసిన విషయము వెబ్ హోస్టింగు అను చిన్న వ్యాపారము. ఈ పేరు వినగానే ఇది పట్టణవాసుల వ్యవహారమని కొందరు తలంపవచ్చును. కాని కంప్యూటరు చదువు చదివి, జీవనోపాధికై హైదరాబాదునకో, బెంగుళూరునకో పోవలసివచ్చిన బిడ్డలు నేడు అనేక గ్రామములందు ఉన్నారు. వారిలో ఒకరు రేపు మీ యొద్దకు వచ్చి, “సర్పంచిగారూ, నేను మన ఊరిలోనే యుండి ఈ వ్యాపారము చేసికొందును. బ్యాంకువారితో ఒక మాట చెప్పండి” అని కోరవచ్చును. అప్పుడు మీరు ఔననవలెనా, కాదనవలెనా? ఔనన్నచో ఆ బిడ్డకు ఏ హితవు చెప్పవలెను? ఈ విషయమును మీరు స్వయముగా తూచుకొనుటకు వలసిన సంగతులను మనవి చేయుటయే నా ఉద్దేశము.

వెబ్ హోస్టింగనగా నేమి?

గుంటూరు ప్రాంతపు రైతులు తమ మిరపకాయలను శీతల గిడ్డంగులలో నిలువచేయుట మీరెరిగినదే. సరకు రైతుది, గిడ్డంగి వేరొకరిది. గిడ్డంగి యజమాని చలువ తగ్గకుండ చూచి, బస్తాల లెక్క తప్పకుండ కాపాడి, అందులకు అద్దె పుచ్చుకొనును. వెబ్ హోస్టింగు కూడ ఇట్టిదే. ఒక చేనేత సంఘము తన చీరల బొమ్మలను, ధరలను లోకమునకు చూపదలచినచో, ఆ పుటలను రేయింబవళ్లు మేల్కొనియుండు ఒక కంప్యూటరులో ఉంచవలెను. దానినే సర్వరందురు. ఆ సర్వరులో చోటు అద్దెకిచ్చి, ఉంచిన సరకును భద్రముగా కాపాడుటయే ఈ వ్యాపారము.

దీనికి తోడుగా డొమైన్ పేరు అనునది ఒకటి కలదు. అది దుకాణము మీది బోర్డు వంటిది. ప్రతి సర్వరునకును అంకెలతో కూడిన చిరునామా ఉండును. అంకెలను జ్ఞాపకముంచుకొనుట కష్టము గనుక పేర్లను ఏర్పరచిరి. పేరు చెప్పినవారిని ఆ అంకెల చిరునామాకు చేర్చు ఏర్పాటును డీఎన్ఎస్ అందురు. ‘డాట్ ఇన్’ అను మన దేశపు పేర్ల నిర్వహణము 2003లో స్థాపితమైన నిక్సి అను సంస్థ అధీనమున ఉన్నది. తెలుగు లిపిలోనే ‘డాట్ భారత్’ పేరు తీసికొనుటకు కూడ వీలున్నది.

ఇప్పుడేల?

మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన అందుబాటులోనికి వచ్చినది. అప్పుడది కొలదినగరములకే పరిమితము. దేశములోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు తీగెలను చేర్చుటకు 2011లో కేంద్ర ప్రభుత్వము ఒక పథకమును ఆమోదించినది. దానినే నేడు భారత్‌నెట్ అని పిలుచుచున్నాము. ఈ తీగె చక్కగా పనిచేయుచోట పట్టణమునందు కూర్చుండి చేయు పనిని గ్రామమునందు కూర్చుండియు చేయవచ్చును.

చిన్నగా మొదలిడి పెరిగిన సంస్థలకు ఈ వృత్తిలో కొరత లేదు. ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగమున రూబే అను పట్టణము కలదు. అది ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరొంది, మిల్లులు మూతపడగా చితికిపోయిన ఊరు. అచ్చట 1999లో ఆక్టావ్ క్లాబా అను విద్యార్థి తన కుటుంబముతో కలిసి ప్రారంభించిన ఓవీహెచ్ అను హోస్టింగు సంస్థ నేడు ఐరోపా ఖండమున పెద్దవానిలో ఒకటి. అందరును అంతవారగుదురని నేను చెప్పుట లేదు. మహానగరమున పుట్టనక్కరలేని వ్యాపారమిది యని మాత్రమే నా మాట.

యంత్రమెక్కడ, మనిషి యెక్కడ?

పెక్కుమంది పొరబడు చోటు ఇదియే. యువకుడు అప్పు తెచ్చి, సర్వరును కొని, ఇంటి ముందుగదిలో పెట్టరాదు. సర్వరుకు ఎడతెగని విద్యుత్తు, జనరేటరు, చలువ, రెండు మూడు దారుల ఫైబరు, కావలి కావలెను. ఒక్క గాలివానకు కరెంటు పోయినచో ఖాతాదారులందరి దుకాణములును ఒకేసారి మూతపడును. కావున యంత్రము పెద్ద డేటా సెంటరునందే ఉండవలెను. ముంబయి, చెన్నై, హైదరాబాదు నగరములందు ఇట్టివి కలవు. అచ్చటి సర్వరులో ఒక భాగమును నెలవారీ అద్దెకు తీసికొని, దానిని చిన్న చిన్న వాటాలుగా విభజించి, ఖాతాదారుల కొసగుటయే చిన్నవానికి తగిన పద్ధతి. మనిషి గ్రామమునందే ఉండును. అతడు అమ్మునది యంత్రమును కాదు, తన శ్రద్ధను.

1991లో పుట్టిన లినక్స్, 1995లో వెలువడిన అపాచీ మొదలైన ప్రోగ్రాములు ఉచితముగా లభించుచున్నవి. పెట్టుబడి తగ్గుటకు ఇవి ముఖ్య కారణము.

లెక్క చూతము

వ్యాపారమునకు ఉత్సాహముకంటె ముందు లెక్క కావలెను. ఈ క్రింది అంకెలు కేవలము నమూనా. ధరలు చోటును బట్టి, కాలమును బట్టి మారును.

సర్వరు అద్దె నెలకు 2,000 రూపాయలనుకొందము. నకళ్లు దాచు వేరొక చోటికి 500, నిర్వహణ ప్రోగ్రామునకు 1,500, ఇంటర్నెట్టుకు, టెలిఫోనుకు 1,000. ఏడాదికి మొత్తము 60,000. పద్దులు వ్రాయించుట మొదలైన చిల్లర ఖర్చులు 8,000. వెరసి 68,000 రూపాయలు. ఖాతాదారులు ఒక్కరున్నను, ముప్పదిమంది యున్నను ఈ ఖర్చు తప్పదు.

ఒక్కొక్క ఖాతాదారు ఏడాదికి 3,000 రూపాయలు చెల్లించుననుకొందము. అందు డొమైన్ పేరునకు 800 పోగా 2,200 మిగులును. అనగా 31వ ఖాతాదారు వచ్చువరకు వ్యాపారము నష్టముననే నడచును. 20 మందితో ఆగినచో ఏడాదికి 24,000 నష్టము. 40 మంది యైనచో 20,000 లాభము. 100 మందికి రెండవ సర్వరు కావలెననుకొన్నను 1,28,000 మిగులును. ఇది నెలకు పదివేల పైచిలుకు.

దీనినిబట్టి రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. మొదటిది, తొలి ఏడాది ఈ వ్యాపారము ఒక్కటే కుటుంబమును పోషింపజాలదు. వెబ్‌సైట్లు తయారు చేయుట, కంప్యూటర్లు బాగుచేయుట వంటి పనిని జతపరచుకొనవలెను. రెండవది, దీనికి పెద్ద అప్పు అవసరము లేదు. ముద్రా పథకమున 50,000 రూపాయల వరకు ఇచ్చు ‘శిశు’ ఋణము ఆరంభమునకు చాలును. లక్షలతో యంత్రములు కొనెదనని ఎవరైన వచ్చినచో, ఆపి లెక్క అడుగుడు.

నమ్మకమే మూలధనము

ఈ వృత్తిలో ఇతరుల జీవనాధారము మన చేతిలో ఉండును. కావున మూడు నియమములను చెప్పెదను.

మొదటిది నకళ్ల నియమము. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గు నగరమున, పైన చెప్పిన ఓవీహెచ్ సంస్థవారి డేటా సెంటరు ఒకటి అగ్నికి ఆహుతియైనది. నకళ్లను కూడ అదే చోట ఉంచిన ఖాతాదారులు తమ సమాచారమును శాశ్వతముగా పోగొట్టుకొనిరి. వేరొక చోట ఉంచినవారు మరల తమ సైట్లను నిలుపుకొనిరి. గింజలన్నియు ఒకే గాదెలో పోయరాదని మన రైతు ఎరుగును. అంతేకాదు, నకలు తీసిన చాలదు. అది మరల పనికివచ్చునో లేదో పరీక్షింపవలెను. 2017లో గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున ముఖ్య సమాచారమును తుడిచివేయగా, వారు ఏర్పరచుకొన్న అయిదు విధముల రక్షణలలో ఒక్కటియు సరిగా అక్కరకు రాలేదని తేలినది. అదృష్టవశమున ఆరు గంటల క్రిందటి నకలొకటి దొరకినది. కావున నెలకొకసారి నకలునుండి సైటును తిరిగి నిలిపి చూడవలెను.

రెండవది పేరు నియమము. డొమైన్ పేరును ఎల్లప్పుడును ఖాతాదారు పేరుననే నమోదు చేయవలెను. కొందరు దానిని తమ పేర వ్రాయించుకొని, ఖాతాదారు విడిపోదలచినప్పుడు ఇవ్వక పీడించుచున్నారు. ఇది పొలము కొన్నవాని దస్తావేజును దళారి తన పేర వ్రాయించుకొన్నట్లే. గడువును కూడ మరువరాదు. ‘డాట్ కామ్’ పేరు గడువు తీరిన పిమ్మట తిరిగి పొందుటకు కొంత వ్యవధి యుండును. అదియు దాటినచో పేరు బజారున పడును, ఎవరైనను దానిని తీసికొనవచ్చును. ఏండ్ల తరబడి సంపాదించిన పేరు ఇట్లు పరుల పాలైన వెనుక విచారించి ప్రయోజనము లేదు.

మూడవది మాట నియమము. ‘అపరిమితమైన చోటు’ అని ప్రకటింపరాదు. ఏ యంత్రమునకైనను పరిమితి కలదు. నూటికి 99 పాళ్లు పనిచేయునన్న మాట వినుటకు ఇంపుగా ఉండును. కాని తక్కిన ఒక్క పాలు ఏడాదిలో మూడున్నర దినములకు పైబడును. 99.9 పాళ్లన్నచో ఆగుకాలము దాదాపు 8 గంటల 45 నిమిషములు. నిలుపుకొనగలిగినంతయే చెప్పవలెను. సైటు ఆగిన రాత్రి ఫోను ఎత్తి, తెలుగులో బదులు చెప్పువాడే పెద్ద కంపెనీలకు చిన్నవాడు చూపగల పోటీ.

చట్టము

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఈ వ్యాపారమునకు వర్తించును. ఇతరులు వ్రాసినదానికి హోస్టింగువాడు సామాన్యముగా బాధ్యుడు కాకున్నను, కోర్టు ఉత్తర్వు వచ్చినప్పుడు విధించిన గడువులోపల దానిని తొలగింపవలెను. 2022లో సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశముల ననుసరించి కంప్యూటరు చొరబాట్లను గుర్తించిన 6 గంటలలో తెలియజేయవలెను. యంత్రపు దినచర్య నమోదులను 180 దినములు భద్రపరచవలెను. ఏడాదికి 20 లక్షలు దాటని సేవా వ్యాపారమునకు జీఎస్టీ నమోదు సాధారణముగా అక్కరలేదు. కాని విదేశీ సంస్థనుండి నేరుగా సర్వరును అద్దెకు తీసికొన్నచో పన్ను బాధ్యత తనపై పడవచ్చును. ఇట్టిచోట ఆడిటరును సంప్రదించుట మేలు.

పంచాయతీ చేయదగిన పనులు

పంచాయతీ పద్దులు 2020లో ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌నందు ప్రభుత్వమువారి యంత్రములలోనే ఉండవలెను. వానిని ఊరి యువకుని సర్వరునకు అప్పగించుట తగదు. అతని ఖాతాదారులు పాఠశాలలు, సహకార సంఘములు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, వైద్యులు, పోచంపల్లి, ఉప్పాడల నేతగాండ్ర వంటి చేతివృత్తులవారు. మీరు చేయదగినవి ఇవి: పంచాయతీ కార్యాలయమునకు వచ్చిన ఫైబరు తీగె తెగిపోయినప్పుడు వెంటనే పైవారికి తెలుపుడు. రోడ్డు త్రవ్వునప్పుడు తీగె యెచ్చట నున్నదో ముందుగా చూచుకొనుడు. యువకుని లెక్కను నెమ్మదిగా వినుడు. సంఘములవారు అతనికి పని యిచ్చునప్పుడు డొమైన్ పేరు సంఘము పేరుననే ఉండునట్లును, రహస్య సంకేతపదములు కార్యదర్శివద్ద కూడ ఉండునట్లును వ్రాతపూర్వకముగా ఒప్పందము చేయింపుడు. మన ఊరి బిడ్డ గదా యని వ్రాత మానరాదు. వ్రాత యున్నప్పుడే స్నేహము నిలుచును.

సోదరులారా! ముప్పది ఒకటవ ఖాతాదారు వచ్చువరకు ఓర్పుతో నిలిచి, పరుల సరకును తన సరకువలె కాపాడు యువకుడు మీ గ్రామమున ఉన్నచో, అతనికి చేయూత నిండు. ఆ ఓర్పు లేనివానికి ఇది తగదని ముందే చెప్పుట కూడ మేలు చేయుటయే.