అంకెల గోదాలో మల్లులు

మల్లయుద్ధము మనకు క్రొత్తది కాదు. భీమ జరాసంధుల పోరు విననివారును, ఊరి తాలింఖానాలో వస్తాదుల సాము చూడనివారును మనలో అరుదు. కాని నేడు నేను ప్రస్తావింపబోవునది అమెరికా దేశపు వృత్తి మల్లయుద్ధము. అందు గెలుపెవరిదో ఓటమి ఎవరిదో ముందుగనే నిర్ణయింపబడి యుండును. మల్లులు దెబ్బలు నిజముగనే తినుదురు, ఎముకలు నిజముగనే విరుగును. ఫలితము మాత్రము నాటకమందువలె ముందే వ్రాసిపెట్టినది. ఈ సంగతి చూచువారికిని తెలియును. అయినను 1995 మొదలు 2001 వరకు ఆ దేశమున అభిమానులు ప్రతి వారమును ఒక పోటీ ఫలితమునకై ఆతురతతో ఎదురుచూచిరి. అది గోదాలో తేలునది కాదు. మరునాడు వెలువడు ఒక అంకెలో తేలునది.

ఆ పోటీ రెండు టెలివిజన్ కార్యక్రమముల నడుమ సాగినది. మొదటిది విన్స్ మక్‌మాన్ అధిపతిగా గల వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వారి 'రా'. ఇది 1993 జనవరి 11న ఆరంభమై ప్రతి సోమవారము రాత్రి ప్రసారమగుచుండెను. రెండవది టెలివిజన్ రంగమున ప్రసిద్ధుడైన టెడ్ టర్నర్‌కు చెందిన వరల్డ్ చాంపియన్‌షిప్ రెజ్లింగ్ వారి 'నైట్రో'. ఎరిక్ బిషాఫ్ నిర్వహణలో ఆ సంస్థ 1995 సెప్టెంబరు 4న దీనిని అదే సోమవారము, అదే వేళకు ప్రారంభించెను. ఒకే ఇంట ఒకే వేళ రెంటిని చూచుటకు వీలులేదు. కనుక చూచువాడు ఏదో ఒక పక్షమున చేరక తప్పలేదు.

'రా' కార్యక్రమమును పలుమార్లు ముందుగా చిత్రించి ప్రసారము చేయుచుండిరి. 'నైట్రో' జరుగుచున్నది జరుగుచున్నట్లే ప్రసారమగుచుండెను. ఈ సౌలభ్యముతో బిషాఫ్ ఎదుటి కార్యక్రమమున ఎవరు గెలుతురో ముందే చెప్పివేయుచుండెను. బాలురకు ఆరాధ్యుడైన హల్క్ హోగన్ 1996 జూలై 7న ప్రతినాయకుడుగా మారుటయు ఆ సంస్థకు కలిసివచ్చినది. 1996 జూన్ నుండి వరుసగా 83 వారములు 'నైట్రో'దే పైచేయి. 1998 ఏప్రిల్ 13న 'రా' 4.6 అంకెతో, 4.3 పొందిన 'నైట్రో'ను దాటినది. అభిమానులు దీనిని ఒక యుద్ధమున కోట కూలినట్లు చెప్పుకొనిరి. నేటికిని చెప్పుకొనుచున్నారు.

ఈ అంకె యేమి? ఆర్థర్ నీల్సన్ స్థాపించిన సంస్థ 1942 నుండి రేడియో శ్రోతలను, 1950 నుండి టెలివిజన్ వీక్షకులను లెక్కించుచు వచ్చినది. 1990 ప్రాంతములందు దేశమంతటికిని ప్రతినిధులుగా ఎన్నిక చేసిన సుమారు 5,000 ఇండ్లలో టెలివిజన్ పెట్టెకు ఒక యంత్రము నమర్చెడివారు. ఏ వేళ ఏ చానెలు నడచుచున్నదో అది గుర్తించును. చూచువారు తమ తమ మీటలను నొక్కవలెను. ఒక చానెలు అందు ఇండ్లలో నూటికి సగటున ఎన్ని యిండ్లు ఆ కార్యక్రమమును పెట్టుకొనెనో ఆ సంఖ్యయే రేటింగు.

ఇప్పుడు కొంచెము లెక్క చేయుదము. 4.6కును 4.3కును భేదము 0.3. ఐదువేల యిండ్లలో నూటికి 0.3 అనగా పదునైదు ఇండ్లు. అన్ని యిండ్లకును ఆ చానెళ్ళు అందవు గనుక అంతకును తక్కువయే. కోట కూలినదని చెప్పుకొన్న ఆ రాత్రి నిజముగా భేదము చూపినవి పట్టుమని పదునైదు ఇండ్లైనను కావన్నమాట. ఇంతటి భేదము యాదృచ్ఛికముగను రావచ్చునని గణాంకశాస్త్రము చెప్పును. అట్లని ఈ లెక్క అంతయు వ్యర్థమనుట సరికాదు. ఎనుబదిమూడు వారములు వరుసగా ఒకే వైపు మొగ్గిన త్రాసు యాదృచ్ఛికముగా మొగ్గినది కాదు. ఒక వారపు అంకె గాలివంటిది. ఏడాది అంకె ఋతువువంటిది. వాదులాడువారు మరచునది ఈ భేదమునే.

అభిమానుల వాదములు విన్నచో మన వకీళ్ళు గుర్తుకు వత్తురు. టెన్నిసు పోటీల కొరకు 'రా' వేళ మార్చిన వారమును లెక్కింపవచ్చునా? కుక్కల ప్రదర్శనము దానిని ప్రక్కకు నెట్టిన వారము మాటేమి? బాస్కెట్‌బాల్ ఆటలకై 'నైట్రో' తప్పుకొన్న వారమును విజయమనవచ్చునా? 1998 జనవరిలో 'నైట్రో' మూడు గంటలకు పెరిగెను. ఎదురు లేని మొదటి గంటను సగటులో కలుపుట న్యాయమా? ఫలితములన్నియు ముందే వ్రాసిపెట్టిన ఆ క్రీడలో ఎవరును ముందుగా వ్రాయజాలని ఫలితము ఇది యొక్కటే. అందువలననే వారు దీనిని అంత గట్టిగా పట్టుకొనిరి.

1999 జనవరి 4న జరిగిన దొకటి చెప్పవలెను. మిక్ ఫోలీ అను మల్లుడు ఆ రాత్రి 'రా'లో విజేత పట్టము పొందబోవుచున్నాడని, అది చూచుటకు జనము విరగబడుదురు కాబోలునని 'నైట్రో' వ్యాఖ్యాత బిషాఫ్ ఆజ్ఞపై ఎగతాళిగా చెప్పెను. ఏండ్ల తరబడి దేహమును హూనము చేసికొన్న ఆ మల్లుని గెలుపు చూడవలెనని జనము చానెలు మార్చిరి. ఆ రాత్రి అంకెలు 'రా'కు 5.7, 'నైట్రో'కు 5.0. అదే రాత్రి 'నైట్రో'లో హోగన్ వ్రేలితో తాకినంతనే కెవిన్ నాష్ వెల్లకిల పడి పట్టము నప్పగించెను. ముందే వ్రాసినదని తెలిసియు జనము కోరునది నిజాయితీనే. ఆ తరువాత 'నైట్రో' మరల గెలువలేదు.

అయితే దానిని మూయించినది ఈ అంకె యొక్కటియే కాదు. 2000లో ఆ సంస్థకు 6 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చెను. కుస్తీ కార్యక్రమములకు ప్రకటనకర్తలు సాధారణముగా తక్కువ ధరయే యిత్తురు. టర్నర్ సంస్థ 1996లో టైమ్ వార్నర్‌లోను, అది 2001 జనవరిలో ఎ.ఒ.ఎల్.తోను కలియుటచే ఆయన మాట చెల్లుబడి తగ్గెను. క్రొత్త అధికారి జేమీ కెల్నర్ తమ చానెళ్ళకు కుస్తీ తగదని తలచెను. 2001 మార్చి 23న సంస్థను మక్‌మాన్ కొనెనని ప్రకటించిరి. 26న ఫ్లారిడాలోని పనామా సిటీ బీచ్‌లో కడపటి 'నైట్రో' జరిగెను. ఓడినదన్న ఆ కార్యక్రమమును అప్పటికిని వారము వారము పది లక్షలకు పైగా ఇండ్లలో చూచుచుండిరి.

గెలిచిన పక్షము అభిమానులు పండుగ చేసికొనిరి. కాని వారికి దక్కిన దేమి? ఓడిన కార్యక్రమపు ప్రేక్షకులు వచ్చి కూడుదురనుకొన్న 'రా' అంకె పెరుగలేదు. తరువాతి ఏండ్లలో తగ్గినది. పెక్కుమంది చానెలు మార్చలేదు, కుస్తీయే మానిరి. మల్లులకు జరిగిన నష్టము ఇంకను పెద్దది. ఆ దేశమున వారు జీతగాండ్రు కారు, ఒప్పందపు పనివారు. వారికి సంఘమును లేదు. ఇద్దరు యజమానులున్నంత కాలము ఇచట కుదరనిచో అచటికి పోవుదునని బేరమాడగలిగిరి. 1996లో స్కాట్ హాల్, నాష్ అటు పోయిరి. 1999లో క్రిస్ జెరికో ఇటు వచ్చెను. 2001 పిమ్మట అమెరికాలో అంతటి యజమాని మరియొకడు లేకపోయెను. తన పక్షము గెలువవలెనని కోరిన అభిమాని, తనకు తెలియకయే తాను మెచ్చిన మల్లుని చేతిలోని ఊతకఱ్ఱ లాగివేయబడుట చూచి చప్పట్లు కొట్టెను.

2019 అక్టోబరు 2న అదే టి.ఎన్.టి. చానెలులో ఆల్ ఎలీట్ రెజ్లింగ్ అను క్రొత్త సంస్థ బుధవారపు కార్యక్రమము మొదలిడెను. 2021 ఏప్రిల్ వరకు బుధవారపు అంకెలపై మరల అవే వాదములు చెలరేగెను. వాదింపవద్దని నేననను. పోటీ ఉన్నచోటనే పనివానికి విలువ, చూచువానికి ఎన్నిక. అభిమాని కోరవలసినది ఎదుటివాని వినాశము కాదు, ఎదుటివాడు నిలిచియుండుట.

ప్రసార వృత్తిలో ఉన్న మాకును ఇందొక పాఠము కలదు. పెట్టె తెరచియున్న దని యంత్రము చెప్పగలదు. దాని యెదుట కూర్చున్నవాడు శ్రద్ధగా వినుచున్నాడో, కునికిపాట్లు పడుచున్నాడో చెప్పజాలదు. తనకు నచ్చినది ఎందుకు నచ్చెనో, నచ్చనిది ఎందుకు నచ్చలేదో ఒక కార్డుపై నాలుగు ముక్కలు వ్రాసి పంపిన శ్రోత ఏ అంకెయు చెప్పలేని సంగతిని మాకు చెప్పుచున్నాడు.