ఇంజను బాగుచేయిస్తున్నారా? ఆయిల్ చాంబరు, పంపు కొనేముందు ఇది చదవండి

(వేట నిషేధ కాలంలో ‘మత్స్యకారుల సేవలో’ పథకం లబ్ధిదారుల సమావేశంలో ఒక బోటు ఇంజన్ మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఈ పథకం కింద కుటుంబానికి వచ్చే 20,000 రూపాయలు ఈ రోజుల్లో ఇల్లు గడవడానికి ఇచ్చేవి, ఇంజనుకి కాదు. మెకానిక్‌ని అయ్యుండి ఈ మాట ముందు ఎందుకు చెప్తున్నానంటే, బోటు ఒడ్డున ఉండేది ఇప్పుడే కాబట్టి ఇంజన్లు దించేదీ ఇప్పుడే. ఒకసారి సరిగ్గా చేయిస్తే సరిపోయే పని, తప్పు సామాను వేస్తే జూన్ నెలాఖరుకి మళ్లీ విప్పాల్సి వస్తుంది. అప్పుడు ఓనరుకి అప్పు, కళాసీలకి వేట రోజులు పోతాయి.

బోరు, బేరింగుల గురించి అందరూ అడుగుతారు. కింద ఉండే చాంబరు గురించి ఎవరూ అడగరు. లారీ ఇంజనుని మార్చి బోటుకి బిగించినప్పుడు అసలు చిక్కు అక్కడే ఉంటుంది. లారీలో ఇంజను దాదాపు మట్టంగా కూర్చుంటుంది. బోటులో షాఫ్టు వెనక్కి, కిందికి దిగుతుంది కాబట్టి ఇంజను కూడా చాలావాటిలో వెనక్కి వాలి ఉంటుంది. ఆయిలు వెనక్కి చేరుతుంది. చాంబరు లోతు భాగం, ఆయిలు పీల్చే స్ట్రైనరు ముందువైపు ఉంటే? చాంబరులో ఆయిలు ఉన్నా పంపు గాలి పీలుస్తుంది. అందుకే కొనేముందు ఇంజను దిమ్మల మీద రసమట్టం పెట్టి వాలు చూడండి. లోతు ఎటు పల్లమో అటే ఉండాలి. లోపల అడ్డు రేకులు ఉన్న చాంబరు ఇంకా మంచిది, కెరటానికి బోటు ఊగినా ఆయిలు ఒక్కసారిగా పక్కకి పోదు.

పెద్ద చాంబరైతే ఎక్కువ ఆయిలు పడుతుంది, మంచిదే. కానీ అది బోటు అడుగుకి ఆనుకోకూడదు. అడుగున చేరే ఉప్పునీళ్లలో రేకు చాంబరు నానితే బయటినుంచి తినేస్తుంది, చిల్లు పడేదాకా మనకి తెలీదు. కింద చెయ్యి దూరేంత సందు ఉంచి, మంచి రంగు వేయించండి. ఆయిలు మార్చేటప్పుడు బోటులో ఇంజను కిందికి దూరలేం. అందుకని డ్రైన్‌కి పైపు పెట్టి చేతిపంపుతో లాగే ఏర్పాటు ముందే చేయించుకోండి.

ఇక పంపు. “పెద్ద పంపు వెయ్యి గురూ, ప్రెషరు బాగుంటుంది” అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే నమ్మాను. కొత్త బేరింగులు వేసిన ఇంజనుకి పెద్ద గేర్ల పంపు బిగించాను, చాంబరు మాత్రం పాతదే ఉంచాను. రేవులో గేజి చూసి ఓనరు సంబరపడ్డాడు. సముద్రంలో పక్క కెరటం తగిలినప్పుడల్లా ముల్లు పడిపోయిందని సరంగు తర్వాత చెప్పాడు. పంపు ఆయిలుని పైకి తోసినంత వేగంగా అది కిందికి దిగలేదు, చాంబరు ఖాళీ అయింది. బేరింగులు అరిగిపోయాయి. వేరే బోటు కట్టి లాక్కొచ్చింది. తప్పు నాదే.

పంపు పంపేది ఆయిలుని. బేరింగు సందులు బిగువుగా ఉంటేనే ప్రెషరు నిలుస్తుంది. కొలతలు సరిగ్గా ఉన్న ఇంజనుకి కంపెనీ చెప్పిన సైజు పంపు చాలు. ఎక్కువైన ఆయిలుని రిలీఫ్ వాల్వు తిరిగి చాంబరులోకే వదిలేస్తుంది, పంపు తిప్పే గేర్ల మీద బరువు మాత్రం మిగులుతుంది. అరిగిన బేరింగులు అలాగే ఉంచి పెద్ద పంపు వేయడమైతే జ్వరాన్ని దుప్పటితో కప్పడమే.

స్ట్రైనరుకి, చాంబరు అడుగుకి మధ్య సందు కంపెనీ పుస్తకంలో చూడండి. మామూలుగా 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలవడం తేలికే. చపాతీ పిండి ముద్ద అడుగున పెట్టి, ప్యాకింగుతో సహా చాంబరు బిగించి, విప్పి, నొక్కుకున్న మందం కొలవండి. తర్వాత పిండి మొత్తం తుడిచెయ్యండి, మర్చిపోతే అదే స్ట్రైనరుకి అడ్డం పడుతుంది!

పాత డిప్‌స్టిక్ గీతని నమ్మకండి. ఇంజను వాలు మారితే గీత అబద్ధం చెప్తుంది. చాంబరుకి చెప్పినన్ని లీటర్లు కొలిచి పోసి, బోటు నీళ్లలో నిలకడగా ఉన్నప్పుడు కొత్త గీత పెట్టుకోండి. మొదటిసారి డీజిలు ఆపేసి సెల్ఫు కొట్టండి. మధ్యమధ్య ఆపుతూ తిప్పండి. గేజి ముల్లు లేచాకే స్టార్టు చెయ్యాలి. పంపులో ముందే ఆయిలు నింపి బిగిస్తే అది తొందరగా పట్టుకుంటుంది.

పాత పంపు తెచ్చినవాళ్లు ఈ బల్ల మీద పెట్టండి. విప్పి గేర్లు చూద్దాం, పనికొస్తే కొత్తది కొనక్కర్లేదు.